మాస్టార్ని ఊరి నుంచి పంపించేశాం, ఇంకేం చేయాలి అని అడిగినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కోనసీమలో ఏటిగట్టు పక్క ఊరు మీది. ట్యూషన్ చెప్పే ఒకాయన తొమ్మిదేళ్ళ పిల్లతోనూ పదకొండేళ్ళ పిల్లతోనూ తప్పుగా ప్రవర్తించాడని బయటపడింది. ఇద్దరి తల్లులూ కువైట్‌లో ఉన్నారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. పెద్దమనుషులు రామాలయం అరుగు మీద కూర్చుని, నాలుగు దెబ్బలు వేయించి, తెల్లారేసరికి ఊళ్ళో ఉండొద్దన్నారు. ఆడపిల్లల భవిష్యత్తు అని చెప్పి కేసు వద్దన్నారు. ఇది జరిగి రెండు నెలలైంది. ఇప్పుడు యువజన సంఘంగా మేం చేయగలిగింది ఏమైనా ఉందా, మళ్ళీ ఇలాంటిది జరగకుండా ఊరు ఏం చేయాలి, అని.

ఉంది. మొదట ఫిర్యాదు చేయండి. రెండు నెలలైనా సరే, ఇంకా ఆలస్యం చేయకండి. పిల్లలకి ఇచ్చే జాగ్రత్తల పాఠం తర్వాత. పెద్దవాళ్ళు తమ మధ్య పెట్టుకోవలసిన నియమాలు ఆ రెండింటి మధ్యలో. ఈ వరసలోనే రాస్తాను.

నేను ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకంలో, సూపర్‌వైజరుగా ఇరవై ఏళ్ళకు పైగా గోదావరి జిల్లాల్లో తిరిగాను. ఆ తర్వాత రక్షణ అవసరమైన పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ కమిటీలో సభ్యురాలిగా కూర్చున్నాను. కింద చెప్పే సంగతుల్లో ఊళ్ళు, వయసులు, బంధుత్వాలు మార్చాను. ఎవర్నీ పోల్చుకోవడానికి ప్రయత్నించకండి.

పంపించేయడం ఎందుకు సరిపోదో నాకు జరిగినదాని నుంచే చెప్తాను. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం రాకముందు మాట. ఒక ఊళ్ళో ఇలాగే పంచాయితీ జరిగింది. అంగన్‌వాడీ టీచరు పిలిస్తే నేనూ వెళ్ళాను. "పిల్ల పేరు బయటికి రాకూడదు మేడమ్" అని అందరూ అంటే నేనూ తలూపాను. అతను కాలవ అవతల ఇంకో మండలానికి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ తర్వాత అక్కడ ఇంకో పిల్ల. ఆ పిల్ల తల్లికి మొదటి ఊళ్ళో జరిగిన పంచాయితీ సంగతి ఎలాగో తెలిసింది. నా దగ్గరికి వచ్చి "మీకు ముందే తెలుసంట కదండీ" అని ఒక్క మాట అడిగింది. ఆ రోజు నుంచి నేను ఏ అరుగు మీదా కూర్చోలేదు. మీ ఊరు పంపించేసిన మనిషి ఇప్పుడు ఎక్కడో ఒక చోట పిల్లల మధ్యే ఉంటాడు. ట్యూషన్ తప్ప ఇంకో పని తెలియనివాడు కదా.

ఇక చట్టం. 2012 నవంబరు 14 నుంచి పోక్సో అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని ఎవరైనా, ఆడపిల్లయినా మగపిల్లాడైనా, దాని కింద బిడ్డే. నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. తల్లిదండ్రులే చెప్పాలని లేదు. అమ్మమ్మ చెప్పొచ్చు, మీరు చెప్పొచ్చు. తల్లి కువైట్ నుంచి దిగేవరకు ఆగక్కర్లేదు. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు; ఒక సంస్థకి అధిపతిగా ఉండి తన కింద పనిచేసేవాడి సంగతి దాస్తే ఏడాది వరకు. మంచి మనసుతో చెప్పినవాళ్ళ మీద మాత్రం ఏ కేసూ ఉండదు. రాజీ సంగతి కూడా మీ పెద్దలకి నిదానంగా చెప్పండి. ఇలాంటి కేసుని రెండు పక్షాలూ కలిసిపోయాయన్న కారణంతో కొట్టేయడానికి వీల్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అదీ ఒక మాస్టారు, ఒక విద్యార్థిని సంగతే. కోర్టుకే లేని అధికారం అరుగుకి ఎక్కడిది?

పెద్దల మీద కోపంతో మాత్రం వెళ్ళకండి. వాళ్ళలో చాలామంది పిల్లని కాపాడుతున్నామనే అనుకుంటారు. చట్టం తెలియదు, స్టేషన్ అంటే భయం, పైగా ఆ పిల్లకి రేపు సంబంధం రావాలి. మీ ఊళ్ళో ఒక్క పెద్దమనిషైనా "నిజమే, నేనూ వస్తాను" అంటే పని సగం అయినట్టే.

ఎవరికి చెప్పాలి. 1098 పిల్లల హెల్ప్‌లైను. ఎప్పుడైనా, డబ్బు లేకుండా పలుకుతుంది. ప్రమాదం ఇప్పుడే ఉంటే 112. సచివాలయంలో మహిళా పోలీసు ఉంటుంది, ఆమెకి చెప్పొచ్చు. నేరుగా స్టేషన్‌కి వెళ్తే, అది ఏ స్టేషన్ పరిధి అన్న ప్రశ్నే అడ్డు కాకూడదు. ఎక్కడ జరిగినా నమోదు చేసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ రాసి, తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపుకోవాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. కమిటీ ఆ బిడ్డకి తోడుగా ఒక మనిషిని నియమించవచ్చు. కేసు అయ్యేదాకా కోర్టుకి, ఆస్పత్రికి వెంట ఉండే మనిషి. చాలా కుటుంబాలు దీన్ని అడగవు. అడగండి.

పిల్లని స్టేషన్‌కి తీసుకెళ్ళక్కర్లేదు. బిడ్డ ఎక్కడ ఉంటే అక్కడికే, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి యూనిఫాం లేకుండా వచ్చి, బిడ్డ నమ్మే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రాసుకోవాలి. నేను ఇంకో మాట కూడా కోరేదాన్ని. జీపు వీధిలోకి రాకూడదు. జీపు ఆగిందంటే సాయంత్రానికి ఏ ఇంటి ముందు ఆగిందో ఊరంతా తెలుస్తుంది. ఒకసారి పక్క ఊళ్ళో పిన్ని ఇంట్లో, ఇంకోసారి అంగన్‌వాడీ కేంద్రం మూసేశాక మాట్లాడించాం. పోలీసులు ఒప్పుకున్నారు. మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

మీ సంగతిలో రెండు నెలలు గడిచాయి. అయినా డాక్టరు చూడటం మంచిదే, కడుపులో నొప్పి, భయం, నిద్ర లేకపోవడం లాంటివి ఉంటాయి. కానీ అప్పుడే జరిగిన విషయమైతే గంటలు లెక్క. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. ఒళ్ళు కడగకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్ళాలి. మన అమ్మమ్మలు మొట్టమొదట చేసేది పిల్లకి తలంటు పోయడం. మైల పోవాలని ప్రేమతోనే చేస్తారు. సాక్ష్యం ఆ నీళ్ళతో పోతుంది. ఎఫ్‌ఐఆర్ లేకుండా కూడా ఆస్పత్రి చూడాలి, ప్రైవేటు ఆస్పత్రి అయినా చికిత్స డబ్బు తీసుకోకుండా చేయాలి. ఆడపిల్లని లేడీ డాక్టరే పరీక్షించాలి.

బిడ్డ చెప్పినప్పుడు మొదటి పది నిమిషాలు. నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మనవాళ్ళ నోట అప్రయత్నంగా వచ్చే మాటలు మూడు: "నిజమేనా?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?", "నువ్వెందుకెళ్ళావు అక్కడికి?" ఈ మూడింట్లో ఏది విన్నా బిడ్డ నోరు మూసుకుంటుంది. మళ్ళీ తెరవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి తెరవదు కూడా. ఏడవకండి, కేకలు పెట్టకండి, "వాణ్ణి నరికేస్తాను" అనకండి. నాన్న హత్య చేసి జైలుకి పోతాడేమో అని భయపడి చెప్పిన మాట వెనక్కి తీసుకున్న పిల్లల్ని చూశాను. "చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. నీకు సాయం చేసేవాళ్ళకి మాత్రమే చెప్తాను" అంటే చాలు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, అది నిలబెట్టుకోలేరు.

తర్వాత పక్క గదిలోకి వెళ్ళి బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసి, తేదీ వేయండి. దిద్దకండి. ఒక పిల్ల "మాస్టారు లెక్కలు అయ్యాక నన్నొక్కద్దాన్నే ఉంచేసేవోరండి, లైటు తీసేసేవోరండి" అంది. వాళ్ళ మావయ్య దాన్ని పుస్తకం తెలుగులోకి మార్చి అర్జీ రాశాడు. కోర్టులో అవతలి వకీలు "ఈ భాష ఈ పిల్లదేనా" అని మొదలుపెట్టాడు. పిల్ల మాట పిల్ల మాటలాగే ఉంటేనే బలం. ఇంకొకటి, అడిగినవాళ్ళకల్లా మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. పినతల్లి, సర్పంచి, స్కూలు మాస్టారు, పాస్టరు గారు అంటూ ఆరుగురు అడిగితే ఆరు రకాలుగా వస్తుంది. అది అబద్ధం వల్ల కాదు, అలసట వల్ల.

అబద్ధపు ఫిర్యాదుల మాట మీ పెద్దలు ఎత్తుతారు. ఉంటాయి. పొలం గట్టు తగాదాలో పిల్లని అడ్డం పెట్టిన కేసు నేనూ చూశాను. కావాలని అబద్ధం చెప్పిన పెద్దవాళ్ళకి అదే చట్టంలో శిక్ష ఉంది, పిల్లలకి లేదు. అలాగే పదిహేడేళ్ళ పిల్ల తన ఇష్టంతో కులం కాని అబ్బాయితో వెళ్ళిపోతే, ఆ కోపం తీర్చుకోవడానికి పోక్సో వాడుకోవడం మన వైపు జరుగుతోంది. అది వేరే కథ, దాన్ని చూపించి తొమ్మిదేళ్ళ పిల్ల మాట కొట్టేయకూడదు. నిజమేదో తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. ఊరు చేయాల్సింది ఆ బిడ్డని, బిడ్డ చెప్పిన మాటనీ పదిలంగా అక్కడిదాకా చేర్చడం. కొట్టడం కూడా మానాలి. ముద్దాయి ఒంటి మీద దెబ్బలుంటే అతని వకీలుకి అదొక ఆయుధం.

ఇప్పుడు ముందుజాగ్రత్త సంగతి. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ పదమూడు రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు, 53 శాతం, ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. అందులో మన రాష్ట్రమూ ఉంది, మగపిల్లలూ ఉన్నారు. పోలీసు లెక్కల్లో ఏటేటా కనపడేది ఇంకొకటి: నిందితుల్లో అత్యధికులు బిడ్డకి ముందే తెలిసినవాళ్ళు. కాబట్టి "కొత్తవాళ్ళు చాక్లెట్లు ఇస్తే తీసుకోకు" అన్న పాఠంతో పెద్దగా ఒరిగేది లేదు. మన వైపు వచ్చిన చాలా కేసుల్లో ఆ మనిషి ఇంట్లో కాఫీ తాగి వెళ్ళేవాడే. అందరికంటే ముందు సాయానికి వచ్చేవాడు, అమ్మమ్మకి మందులు తెచ్చిపెట్టేవాడు, గల్ఫ్ డబ్బు బ్యాంకులో వేసి చీటీ తెచ్చేవాడు. ముందు ఇంటి నమ్మకం సంపాదిస్తాడు, ఆ తర్వాతే బిడ్డని. అందుకే మనిషి మంచివాడా చెడ్డవాడా అని తూచే పద్ధతి పనికిరాదు. నియమం అందరికీ ఒకటే ఉండాలి, ఎంత మంచివాడికైనా.

ఒక ఊళ్ళో డ్వాక్రా సంఘాల వాళ్ళు కూర్చుని పెట్టుకున్న నియమాలు చెప్తాను, నాకు బాగా నచ్చినవి. ట్యూషన్ అరుగు మీదో, వీధి గదిలో తలుపు తీసో జరగాలి. ఒక్క పిల్లని మిగతావాళ్ళకంటే ముందు రప్పించడం, వెనక ఉంచడం ఉండదు. స్కూలు ఆటోలో చివర దిగే పిల్ల ఒక్కతే మిగలకుండా దారి మార్చారు. చివరి ఇద్దరు ఒకే చోట దిగుతారు. డ్రైవరు సీటు పక్కన పిల్లని కూర్చోబెట్టకూడదు. సండే స్కూల్‌కీ, గుడి భజన బృందానికీ, డ్యాన్స్ క్లాసుకీ ఇదే. ఆటో అబ్బాయి మొదట చిన్నబుచ్చుకున్నాడు. "నీ మీద రేపు ఎవరూ మాట అనకుండా కూడా ఇదే కాపాడుతుంది" అని సంఘం లీడరు చెప్పాక తనే అందరికంటే గట్టిగా పాటించాడు. పైసా ఖర్చు లేదు వీటికి.

వరదల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ చెప్పరు. 2022 జులైలో గోదారి పొంగినప్పుడు ఏటి మధ్య లంకల వాళ్ళు హైస్కూళ్ళలో, తుఫాను షెల్టర్లలో రాత్రులు గడిపారు. కరెంటు ఉండదు, ఒకే గదిలో నలభై మంది, మరుగుదొడ్డి ఎక్కడో చివర. పిల్లలకి అంతకంటే ప్రమాదమైన చోటు లేదు. తల్లులకీ పిల్లలకీ వేరే గది, మరుగుదొడ్డి దారిలో రాత్రంతా ఒక ఛార్జింగ్ లైటు, ఇద్దరు ఆడవాళ్ళు వంతులవారీగా మెలకువ. పడవ మీద ముందు పంపిన పిల్లలు ఎవరి వెంట వెళ్ళారో ఒక నోటు పుస్తకంలో రాయడం. బియ్యం, నీళ్ళ ప్యాకెట్ల జాబితాలో ఈ నాలుగూ చేర్చండి. చెరువుల్లో రొయ్యల పట్టుబడి రాత్రుళ్ళు పనికి వచ్చే కుటుంబాల పిల్లలు కాపలా షెడ్లలో పడుకుంటారు. వాళ్ళనీ మీ ఊరి పిల్లల్లోనే లెక్కేయండి.

ఇంట్లో మార్చుకోవలసింది ఒకటుంది. మేనమామనో మేనబావనో చూపించి అయిదేళ్ళ పిల్లని "అదిగో నీ మొగుడొచ్చాడే" అని ఆటపట్టిస్తాం. అందరం నవ్వుతాం. ఒక పన్నెండేళ్ళ పిల్ల నా ముందు కూర్చుని చెప్పింది: "మావయ్య కదండీ, అందరూ మొగుడు మొగుడు అంటారు, అలా చేయొచ్చేమో అనుకున్నానండి." ఆ మాట విన్న తల్లి ముఖం నేను మర్చిపోలేను. దయచేసి ఆ వేళాకోళం మానేయండి. ముద్దు పెట్టమని, ఒళ్ళో కూర్చోమని పిల్లల్ని బలవంతపెట్టడం కూడా. నమస్కారం పెడితే చాలు, మర్యాద తగ్గదు.

పిల్లలకి చెప్పేది చిన్నగా, తరచుగా చెప్పండి. మన ఇళ్ళలో ఆ అవయవాలకి బూతు మాటలు తప్ప పేర్లుండవు. పేరు లేనిదాని గురించి బిడ్డ ఎలా చెప్తుంది? ఇంట్లో అందరూ సిగ్గుపడకుండా అనగలిగే ఒక మాట పెట్టుకోండి. బట్టల కింద ఉండేవి నీవి, స్నానానికి అమ్మమ్మ, జబ్బు చేస్తే అమ్మమ్మ పక్కనుండగా డాక్టరు, ఇంకెవరూ తాకకూడదు, వాళ్ళవి నీచేత తాకించకూడదు, ఫోనులో అలాంటి బొమ్మలు చూపించకూడదు. చూపించడమూ నేరమే. "ఇది మనిద్దరి మధ్యే" అని ఎవరన్నా అంటే ఆ రోజే చెప్పెయ్యి. ఒకరు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పు. మగపిల్లలకీ ఇదే చెప్పండి. "మగాడివి, ఏడుస్తావేంటి" అన్న మాట ఒకటి మనవాళ్ళ నోట ఉన్నంతకాలం వాళ్ళు చెప్పరు. అయితే పిల్ల అరవాలి, పరిగెత్తాలి అని నేర్పి బాధ్యత పిల్ల మీద పెట్టొద్దు. భయంతో బిగుసుకుపోయిన బిడ్డ "నేను అరవలేదు కాబట్టి తప్పు నాదే" అనుకుంటుంది.

గుర్తుపట్టడం గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే ఏ ఒక్క లక్షణమూ రుజువు కాదు. మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలవడం, ఒక చోటికి వెళ్ళనని మొండికేయడం, కారణం తెలియని కడుపునొప్పి, ఎవరిచ్చారో చెప్పని కొత్త వస్తువులు, వయసుకి మించిన మాటలు. ఇవి కనిపిస్తే నిలదీయకండి, దగ్గర కూర్చోండి.

నేరం చేసింది ఇంట్లోవాడే అయితే, అంటే బాబాయి, తాత, ఒక్కోసారి తండ్రి, ఊరి అవసరం అప్పుడే ఎక్కువ. సంపాదించేవాడు జైలుకి పోతే ఇల్లు గడవదు, అందుకే తల్లులు మాట మార్చుకుంటారు. బట్టలు, తిండి, ప్రయాణం వంటి తక్షణ ఖర్చులకి కమిటీ సిఫారసు చేస్తే వారంలో డబ్బు అందాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది. కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వగలదు. కానీ అవి వచ్చేలోపు ఎవరో ఒకరు బియ్యం ఇవ్వాలి. ఒక లంక ఊళ్ళో సంఘం ఆడవాళ్ళు కోర్టు వాయిదాలకి వంతులు వేసుకుని ఆ తల్లితో పంటు మీద ఏరు దాటి, బస్సెక్కి వెళ్ళేవాళ్ళు. ఏడు వాయిదాలు. అవతలివాళ్ళు మధ్యవర్తిని పంపి డబ్బు ఆశ చూపించినప్పుడు ఆవిడ గట్టిగా నిలబడింది. "నేనొక్కద్దాన్నే అయితే ఒప్పేసుకుందును" అని తనే నాతో అంది.

తప్పు చేసింది పద్దెనిమిదేళ్ళ లోపు అబ్బాయి అయితే అతన్ని కూడా ఊరంతా కలిసి చితక్కొట్టకండి. ఆ కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది. ఆ అబ్బాయికి కూడా ఎవరో ఏదో చేసి ఉండొచ్చు.

వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ ఏమీ పెట్టకుండా చూడటం మీ యువజన సంఘం ఈ రోజే చేయగల పని. పిల్ల పేరే కాదు. స్కూలు, వీధి, అమ్మమ్మ పేరు, పోల్చుకోగలిగేది ఏది బయటపెట్టినా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు పడొచ్చు. "న్యాయం కావాలి" అని పెట్టినా అంతే.

ఇక మీరు రేపు పొద్దున్నే మొదలుపెట్టాల్సింది. స్టేషన్‌కి వెళ్ళేముందు ఆ అమ్మమ్మలిద్దరి దగ్గరికి వెళ్ళండి. మగవాళ్ళు వద్దు, సంఘంలో వాళ్ళకి నచ్చిన ఆడమనిషి ఒకరు వెళ్ళాలి. మేం ఇలా చెప్పబోతున్నాం, మీరు ఒంటరి కారు, అని చెప్పాలి. వాళ్ళు వద్దన్నా చట్టం మిమ్మల్ని చెప్పమంటోంది, ఆ మాట దాచకుండా చెప్పండి. కానీ వాళ్ళకి తెలియకుండా వెళ్ళొద్దు. కువైట్‌లో తల్లులకి ఇంతవరకు తెలియదని రాశారు. వాళ్ళకి ఫోను చేసేది ఎవరో, ఎప్పుడో నిర్ణయించుకోండి, పనిలో ఉండగా కాదు. పక్కన తోటి తెలుగావిడ ఎవరైనా ఉన్నప్పుడు. విన్న వెంటనే తల్లి ఏడుస్తుంది, అమ్మమ్మని తిడుతుంది. ఆ ఫోను పిల్లకి వినపడకూడదు. గంటో, పూటో ఆగి, తల్లి తేరుకున్నాక పిల్లకి ఫోను ఇవ్వండి. "నాకు నీ మీద కోపం లేదమ్మా" అన్న మాట ఆ పిల్లలిద్దరూ వాళ్ళ అమ్మ గొంతులోనే వినాలి. రెండు నెలలుగా దానికోసమే ఎదురుచూస్తుంటారు.